ఒక్కసారే అడిగే ఇల్లు

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నన్ను పస్తు పడుకోబెట్టారు. ఈ మాట ఎవరితో అన్నా, ఆ ఇంటి పెద్దావిడ మంచిదే కదా అంటారు. మంచిదే. పస్తు మాట కూడా నిజమే.

పొయ్యి మీద పెద్ద గిన్నెలో కోడి సూప్ ఉడుకుతోంది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. పెద్దావిడ నా సూట్‌కేసులు మెట్ల దాకా తనే లాగి, చేతులు తుడుచుకుని, "సూప్ తాగుతావా?" అని అడిగింది. పొద్దున ఎప్పుడో ఒషావా టౌన్లో ఓ బ్రెడ్డు ముక్క తిని బయల్దేరినదాన్ని. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. "అయ్యో, వద్దండీ, పర్వాలేదు" అన్నాను. మర్యాద తెలిసిన ఏ పిల్లయినా మొదటిసారి అదే అంటుంది. రెండోసారి అడిగితే "కొంచెం" అంటుంది. మూడోసారి కూచుంటుంది.

ఆవిడ "సరే" అంది. మూత పెట్టేసింది.

నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఆవిడ గరిటె కడిగింది. ఇప్పుడడుగుతుంది అనుకున్నాను. గిన్నె దించింది. ఇప్పుడు తప్పకుండా అడుగుతుంది అనుకున్నాను. వెళ్ళి టీవీలో వార్తలు పెట్టుకుంది. నేను పై గదికి వెళ్ళి, అమ్మ కట్టిచ్చిన సున్నుండల డబ్బా తీసి మంచం మీద కూచుని తిన్నాను. సున్నుండలు తిన్నావు కదా, పస్తేమిటి అని అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పను.

మర్నాడు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఒక్కసారి అడిగి ఊరుకుందా? ఏం మనిషే ఆమె! పరాయి పిల్ల ఇంటికొచ్చింది, మళ్ళీ అడగొద్దూ?"

"అదే కదా నేనంటున్నా."

"పోనీ నువ్వే అడక్కపోయినావా?"

"నేనెట్లా అడుగుతనమ్మా?"

"అవునులే. ఎట్లా అడుగుతావ్."

మా వంశంలో మరుపు తక్కువ. మా నానమ్మ, తన పెళ్ళి భోజనాల్లో విస్తరి ఆలస్యంగా వేసిన వదినగారితో ఆవిడ పోయేదాకా మాట్లాడలేదు. పోయాక కూడా, "పోతూ పోతూ కూడా ఒక్కమాట అనలేదు చూడు" అని సాధించింది. నేను ఆ నానమ్మ మనవరాలిని.

నేను కెనడా వచ్చిన రోజుల్లో ఒషావాలో ఎటు చూసినా మనవాళ్ళే. క్లాసులో మనవాళ్ళు, బస్సులో మనవాళ్ళు, కాఫీ షాపు కౌంటర్ వెనక మనవాళ్ళు. ఖమ్మం యాస గుంటూరు యాసకు, అది కడప యాసకు అంటుకుని, నెల తిరిగేసరికి అందరం ఒకేలా మాట్లాడేవాళ్ళం. కాలేజీలు సీట్లు ఇచ్చాయి గానీ ఊళ్ళో గదులు లేవు. నేను దిగిన బేస్‌మెంట్లో పరుపుల మధ్య నడవడానికి దారి ఉండేది కాదు. ఒకళ్ళు డ్యూటీ నుంచి వస్తే ఇంకొకళ్ళు లేచి పరుపు ఇచ్చేవాళ్ళు. నా కుక్కర్ గాస్కెట్ పోగొట్టిన అమ్మాయి ఎవరో నాకు ఇప్పటికీ తెలుసు. ఆ అమ్మాయి పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను గానీ, గాస్కెట్ సంగతి మాత్రం గుర్తుచేసే వచ్చాను.

అలాంటి రోజుల్లో కాలేజీవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల్లో ఖాళీ గదులు ఉన్నవాళ్ళు స్టూడెంట్లకు ఇస్తారా అని అడిగించారు. అలా దొరికింది ఒషావాకు ఉత్తరాన, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఈ ఇల్లు. పెద్దావిడ భర్త పోయాడు. పాడి ఆవుల్ని అమ్మేసింది. భూమిని పక్క రైతుకు కౌలుకిచ్చింది. పిల్లలు లేరు. నీళ్ళు బావివి, కుళాయి తిప్పితే ఉడికిన గుడ్డు వాసన వేసేవి. బస్సు ఆ దారిన రాదు. పొద్దున్నే ఆవిడే తన పాత పికప్‌లో నన్ను బస్టాపు దాకా దింపేది, సాయంత్రం అక్కడికే వచ్చి ఇంజను ఆపకుండా కూచునేది. దారిలో ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపేది. అది పలకరింపట. నాతో మాత్రం ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడేది కాదు.

నేను "ఆంటీ" అని పిలిచేదాన్ని.

"నీకు నేను ఆంటీనెట్లా అయ్యాను? పేరు పెట్టి పిలువు" అనేది.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిచే నోరు నాకు లేదు. ఆంటీ అనడం మానలేదు. ఆవిడ ఇంకోసారి చెప్పలేదు. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. నాకు మాత్రం అవి తెలుగులోనే గుర్తున్నాయి, కాబట్టి అట్లాగే రాస్తున్నాను.

సూప్ విషయం మనసులో పెట్టుకునే ఉన్నా, ఆ ఇల్లు నాకు నచ్చింది. మంచు కురవబోయే ముందు తోటలో టమాటాలు పచ్చివి పచ్చివిగానే మిగిలిపోయాయి. చలికి పాడైపోతాయి, కోళ్ళకు వేస్తానంది. నేను బుట్టెడు కోసుకొచ్చి, పచ్చిమిరపకాయలు వేసి మగ్గబెట్టి, వెల్లుల్లి దంచి, పచ్చి టమాటా పచ్చడి చేశాను. ఆవిడ చెంచా చివర్న కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, లేచి కిటికీ తెరిచి కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి ఉడికించిన బంగాళాదుంప మీద దాన్ని వెన్నలా రాసుకుని తింది. "కోళ్ళకు దక్కలేదు" అంది. ఆ తర్వాత ప్రతి పూటా ఆ సీసా బల్ల మీద ఉండాల్సిందే.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ తమ్ముడు ఫోన్ చేసేవాడు. మాకు దక్షిణాన పెద్ద లేక్, దాని అవతలి ఒడ్డు అమెరికా. ఆయన అక్కడ పాడి రైతు. ఆయన గొంతు గట్టిది. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టేసి బఠాణీలు ఒలుచుకుంటుంటే ఆయన వంటింటి నిండా అరిచేవాడు. నగరాలవాళ్ళను తిట్టేవాడు, టీవీలవాళ్ళను తిట్టేవాడు, సరిహద్దు దాటి వచ్చేవాళ్ళను తిట్టేవాడు. నేను అక్కడే కూచుని చదువుకుంటున్నానని ఆయనకు తెలియదు.

"పక్కన మా పిల్ల ఉంది, గొంతు తగ్గించు" అంది ఆవిడ ఒకరోజు.

"ఏ పిల్ల?"

"ఇండియా పిల్ల. మిరపకాయల పిల్ల."

అటువైపు గొంతు సగానికి తగ్గింది. తర్వాత ఆయన, "ఆ పచ్చడి ఒక సీసా పంపించవే" అన్నాడు.

మా పిల్ల అంది. అది కూడా నాకు గుర్తుంది. నేను చిన్నచూపులే గుర్తుపెట్టుకుంటానని అమ్మ అంటుంది గానీ అది అన్యాయం.

శీతాకాలం చివర్లో అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. ఒకరోజు కాఫీ షాపు డ్యూటీ లేక నేను ఇంట్లోనే ఉన్నాను. ఆవిడ ఊళ్ళోకి వెళ్ళింది. నా గది కిటికీలోంచి చూస్తే, ఇంటి ముందు మంచులో నీలం రంగు బోర్డు పాతి ఉంది. నీలం పార్టీ. పల్లెలన్నీ ఆ పార్టీయే. ఆ రోజుల్లో టీవీ పెడితే ఒకటే గొడవ: ఇళ్ళు లేవు, స్టూడెంట్లు ఎక్కువయ్యారు, వీళ్ళను తగ్గించాలి. నీలంవాళ్ళు ఆ మాట కొంచెం గట్టిగానే అనేవాళ్ళు.

మా ఊళ్ళో ఎన్నికలొస్తే పార్టీవాళ్ళు రాత్రికి రాత్రి గోడల మీద గుర్తులు వేసి పోతారు. ఇంటివాళ్ళను ఎవరడుగుతారు? మా ఇంటి ప్రహరీ మీద ఒకే ఏడు మూడు పార్టీల గుర్తులు ఒకదాని మీద ఒకటి వేశారు. సున్నం ఖర్చు నాన్నది. కాబట్టి నాకు వేరే అనుమానమే రాలేదు. పెద్దావిడ లేనిది చూసి ఎవరో వచ్చి పాతిపోయారు, పాపం, ఈ వయసులో ఆవిడేం పీకుతుంది అనుకున్నాను. బూట్లు వేసుకుని వెళ్ళి, గడ్డకట్టిన నేలలోంచి దాన్ని ఊపి ఊపి లాగాను. తీగ కాళ్ళు వంకర పోయాయి. తీసుకెళ్ళి కొట్టంలో పాత పాల మిషన్ వెనక పడేసి, చేతులు దులుపుకుని, మంచిపని చేశానన్న తృప్తితో టీ పెట్టుకున్నాను.

ఆవిడ వచ్చి మంచులో రెండు చిల్లులు చూసింది. లోపలికొచ్చి కోటు కూడా విప్పకుండా పక్క రైతుకు ఫోన్ చేసింది. "మళ్ళీ మొదలెట్టారు. టౌన్ కుర్రాళ్ళు. పట్టపగలే" అంటోంది.

"ఆంటీ, నేనే తీశాను" అన్నాను.

ఫోన్ పెట్టేసింది. "నువ్వా?"

"పార్టీవాళ్ళు మీకు చెప్పకుండా పాతిపోయారు కదా. మీరు చూసుకోలేదేమోనని..."

"చెప్పకుండా ఎవరూ పాతలేదు. నేనే ఫోన్ చేసి తెప్పించుకున్నాను."

కొట్టంలోకి వెళ్ళి బోర్డు తెచ్చుకుంది. తీగలు మోకాలికి ఆనించి సాపు చేసింది. అదే చిల్లుల్లో పాతి, బూటుతో మంచు తొక్కి, లోపలికొచ్చింది. "అడగాల్సింది" అంది. అంతే. కేకలు వేసి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

"వాళ్ళు స్టూడెంట్లు ఎక్కువయ్యారంటున్నారు. మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"తెలిసే పెట్టారా?"

"తెలిసే."

నా కిటికీ కింద. నేను పొద్దున లేవగానే చూసే చోట. నా పచ్చడి తిన్న చేతులతో.

"అయితే నేను నెలాఖరుకు వెళ్ళిపోతాను" అన్నాను.

మా దగ్గర ఎవరైనా అలిగి వెళ్ళిపోతానంటే ఇంటివాళ్ళేం చెయ్యాలో వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడికి పోతావ్, కూచో అనాలి. చెయ్యి పట్టుకోవాలి. సంచి లాక్కోవాలి. మా నానమ్మ ఏడాదికి రెండు మూడుసార్లు పుట్టింటికి పోతానని గడప దాకా వెళ్ళేది. తాత అడ్డం నిలబడేవాడు. ఆవిడ కాసేపు గింజుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. వెళ్ళాలని ఉంటే చెప్పి వెళతామా?

పెద్దావిడ "సరే" అంది.

మర్నాడు పొద్దున మెట్ల మీద ఆపిల్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. దుమ్ము తుడిచినవి. అడుగున పాత వార్తాపత్రికలు కూడా పరిచింది, నా సామాన్లు సర్దుకోవడానికి. వాటిని చూసి నేను మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. గెంటేసినా ఇంత మర్యాదగా గెంటరు.

ఆ ఆదివారం మార్కమ్‌లో అంకుల్ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. అంకుల్ అంటే అమ్మకు దూరపు అన్న వరస. అమెరికాలో చాలాకాలం ఐటీ ఉద్యోగం చేసి, గ్రీన్ కార్డు వచ్చేట్టు లేదని ఇటు వచ్చాడు. బిర్యానీ వడ్డిస్తూనే మొదలుపెట్టాడు.

"నేను ముందే చెప్పానా లేదా? ఊళ్ళల్లో ఉండేవాళ్ళ సంగతి నన్నడుగు. అమెరికాలో హైవే దిగి కాస్త లోపలికి డ్రైవ్ చేస్తే అన్నీ అవే బోర్డులు. అక్కడ ఎరుపు, ఇక్కడ నీలం, రంగే తేడా. వాళ్ళకి మనమంటే పడదమ్మా."

"వాళ్ళతో ఎప్పుడైనా మాట్లాడారా అంకుల్?"

"ఎందుకు మాట్లాడలేదు? గ్యాస్ స్టేషన్లో ఆగినప్పుడు హాయ్ అంటే హాయ్ అనేవాళ్ళు."

అంకుల్ వాళ్ళావిడ రైతా గిన్నె పెడుతూ, "మరి మొన్న మీరు ఓటు ఎవరికేశారో చెప్పండి" అంది.

"నీలానికి ట్యాక్స్ కోసం వేశా. అది వేరు."

వాళ్ళ అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "ఇట్స్ ద సేమ్ సైన్, డాడ్" అంది.

"నువ్వు తిను ముందు" అన్నాడు అంకుల్. తర్వాత నాతో, "నువ్వేం వర్రీ అవ్వకు, నెలాఖరుకు వ్యాన్ వేసుకుని నేనే వస్తా. బేస్‌మెంట్లో ఎక్సర్‌సైజ్ బైక్ పక్కకి జరిపితే నీ మంచం పట్టుద్ది" అన్నాడు.

మంచివాడే. కానీ తిరుగు ప్రయాణంలో బస్టాపు దగ్గర పికప్ ఇంజను ఆపకుండా ఎదురుచూస్తుంటే, నాకు ఎక్సర్‌సైజ్ బైక్ పక్కన పడుకోవాలని లేదని తెలిసిపోయింది. నా ఇల్లు ఇది. చెప్పడానికి నోరు రాదు. ఆవిడ అడగదు. మెట్ల మీద పెట్టెలు.

ఆ వారమే ఎండ కాసింది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలైతే మేపుల్ చెట్లలో నీరు కదులుతుంది. పొలం గట్టు మీది చెట్లకు ఆవిడ ఏటా చిన్న రంధ్రాలు పెట్టి, గొట్టాలు దిగ్గొట్టి, బకెట్లు తగిలిస్తుంది. మా వైపు ఈత చెట్టుకు కుండ కట్టినట్టే, కాకపోతే ఇక్కడ చెట్టెక్కే పని లేదు. నీళ్ళలాంటి ఆ రసాన్ని పెరట్లో కట్టెల పొయ్యి మీద, మంచమంత రేకు పళ్ళెంలో పొద్దస్తమానం మరగబెడితే చివరికి అడుగున కాస్త పాకం మిగులుతుంది. ఒకళ్ళు బకెట్లు మోస్తుంటే ఒకళ్ళు మంట చూడాలి. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన మోసేవాడు.

కిటికీలోంచి చూస్తే ఆవిడ ఒక్కతే, నిండు బకెట్ రెండు చేతులా పట్టుకుని, నాలుగడుగులకోసారి దించుతూ వస్తోంది. నన్ను పిలవలేదు. ఎందుకు పిలుస్తుంది, వెళ్ళిపోయే మనిషిని? నేను బూట్లు వేసుకుని వెళ్ళి బకెట్ అందుకున్నాను. నేనూ ఏమీ మాట్లాడలేదు. కోపంలో ఉన్నవాళ్ళు బకెట్లు మోయకూడదని ఎక్కడా లేదు.

పక్క రైతు ట్రాక్టర్ మీద కట్టెలు తెచ్చి పడేశాడు. ఎర్ర మొహం, పెద్ద పొట్ట, ఆయన ఇంటి ముందు ఇలాంటి బోర్డులు రెండు.

"బోర్డు దొంగ దొరికిందా?" అన్నాడు ఆవిడతో, నన్నే చూస్తూ.

"దొరికింది. బకెట్లు మోయిస్తున్నా, అదే శిక్ష."

ఆయన ఒళ్ళంతా ఊగేట్టు నవ్వి, వెళ్ళబోతూ నాతో అన్నాడు: "నీకు తెలుసో లేదో. చర్చిలో, స్టూడెంట్లకు గది ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, అంతమందిలో చెయ్యి ఎత్తింది ఈవిడొక్కతే. మేమంతా నేల చూపులు చూశాం."

"నీ ట్రాక్టర్ తియ్యి, పొగ పాకంలో పడుతోంది" అంది ఆవిడ.

ఆయన వెళ్ళాక ఇంకో రెండు బకెట్లు మోసుకొచ్చాను. చివరికి నేనే అడిగాను.

"చెయ్యెత్తినవాళ్ళు ఆ బోర్డెందుకు పెట్టారు?"

ఆవిడ నురగ తీసి పక్కన పడేసింది. కథ చెప్పే మనిషి కాదు. ఆగి ఆగి చెప్పింది.

"మా నాన్న పొలం ఇక్కడ కాదు. దక్షిణాన, నగరం వైపు. నేను స్కూల్లో ఉండగా గవర్నమెంటు వాళ్ళు హాల్లో మీటింగ్ పెట్టారు. ఎయిర్‌పోర్ట్ కడతాం, మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. కేకులు తెచ్చారు. ఒక్కొక్కళ్ళే లేచి వద్దన్నారు. నాన్న అంతకుముందు ఎప్పుడూ మైకు ముందు మాట్లాడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వద్దు అని చెప్పి కూచున్నాడు. వాళ్ళు తలలూపారు, రాసుకున్నారు. పొలం తీసుకున్నారు."

"మరి ఎయిర్‌పోర్ట్?"

"నువ్వు దిగింది అందులోనా?"

"కాదు."

"ఎవరూ దిగలేదు. కట్టలేదు. మా ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టి, అలాగే వదిలేసి, చివరికి కూల్చేశారు. లైలాక్ పూల పొద ఒక్కటి మిగిలింది. తమ్ముడు ఇక ఈ దేశంలో ఉండనని లేక్ దాటి పోయాడు. ఆ మీటింగ్ పెట్టిన పార్టీ రంగుకు మా ఇంట్లో ఓటు పడదు. నాన్న వెయ్యలేదు, నేను వెయ్యను."

"ఈ నీలం ఆయనేమన్నా చేస్తాడా మీకు?"

"వాడా? వాడు ఉత్త దద్దమ్మ. వాడేం చేస్తాడు." కట్టె ఒకటి లోపలికి తోసింది. "నేను వద్దన్నానని దారినపోయేవాళ్ళకు తెలియాలి. అంతే."

నేను కట్టెల మీద కూచుండిపోయాను. మా ఊళ్ళో కాలువకు భూములు తీసుకున్నప్పుడు షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మా తాత మజ్జిగ ముట్టకుండా లేచి, ఇయ్యను అన్నాడు. మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం, పెద్దాయనా, అన్నారు. కాలువ తాత చేనులోంచే పోయింది. దాని మీద వంతెన కట్టారు. తాత బతికున్నన్నాళ్ళూ ఆ వంతెన దాటలేదు. పక్క ఊరు చుట్టి వెళ్ళేవాడు. ఇదంతా ఆవిడకు చెప్పాను.

"మజ్జిగంటే?"

"పెరుగులో నీళ్ళు పోసి చిలికేది."

"మీ తాత తాగలేదా?"

"తాగలేదు."

"మేము కేకు తిన్నాం. అదే నాకు ఇప్పటికీ కష్టం" అంది.

ఇంత కోపాన్ని ఇంతకాలం దాచుకున్న మనిషిని మా నానమ్మ తర్వాత నేను చూడలేదు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. అయినా అడగాల్సింది అడిగాను.

"ఆ బోర్డు నన్ను కూడా వద్దంటోందా?"

ఆవిడ పళ్ళెంలో పాకం రంగు మారిందేమో చూసింది.

"ఇంతమందిని పిలిచి, ఎక్కడ పడుకోబెడతారో ఆలోచించనివాళ్ళను వద్దంటోంది. మిమ్మల్నీ ఎవరూ అడగలేదు, మమ్మల్నీ అడగలేదు."

"ఆ ఇంతమందిలో నేనూ ఉన్నాను కదా."

"ఉన్నావు" అంది. కాదని ఒక అబద్ధం ఆడి ఉండొచ్చు. ఆడలేదు. "నీకది నచ్చదని తెలుసు. నాకైతే నువ్వు వెళ్ళడం నచ్చలేదు. కానీ వెళతానన్నావు. ఎవరైనా ఒకసారి వద్దన్నాక, పోతానన్నాక, నేను మళ్ళీ అడగను. ఆ హాల్లో నాన్న మొహం చూశాను కదా."

అప్పుడు నాకు సూప్ గుర్తొచ్చింది. మూత పెట్టిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఆవిడ దృష్టిలో అది నా మాటకు ఇచ్చిన విలువ. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆ రోజు ఆకలి నాది కాకుండా పోదు.

"మా దగ్గర వెళతానంటే వద్దనాలి ఆంటీ" అన్నాను.

"నువ్వే కదా వెళతానంది?"

"అనాలి. మీరు వద్దనాలి."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"మరి నిజంగా వెళ్ళాలని ఉంటే ఏం చేస్తారు?"

"చెప్పకుండా వెళ్ళిపోతారు."

ఆవిడ గరిటె పట్టుకుని నన్ను అట్లాగే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. శబ్దం లేని నవ్వు, భుజాలు కదులుతున్నాయి. కళ్ళు తుడుచుకుంది, పొగ అంది. తర్వాత గొంతు సవరించుకుని, పాకం వైపే చూస్తూ, అరువు తెచ్చుకున్న బట్టలు వేసుకున్న మనిషిలా బిగుసుకుపోయి, "వెళ్ళకు" అంది.

నేనేం మాట్లాడలేదు. మొదటిసారికి మాట్లాడకూడదు.

"రెండోది ఇప్పుడే అనాలా, కాస్త ఆగాలా?"

"ఆగొచ్చు."

ఆవిడ మంట సర్దింది. ఒక బకెట్ రసం పోసింది. నురగ తీసింది. తర్వాత చాలా మామూలుగా, కట్టె అందివ్వమన్నట్టుగా, "వెళ్ళకు" అంది.

"సరే ఆంటీ" అన్నాను. మూడోదాకా ఆగలేకపోయాను.

అంకుల్‌కు ఫోన్ చేసి రావద్దని చెప్పాను. మనవాడు కదా, ఒకసారి చెబితే నమ్మలేదు. నెలాఖరున వ్యాన్ వేసుకుని వచ్చేశాడు. ఎన్నిక అయిపోయింది. నీలం బోర్డును ఆవిడ కట్టెల మోపు మీద వాన పడకుండా కప్పి, పైన రాయి పెట్టింది. అంకుల్ దాన్ని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా బూట్లు విప్పుకుని లోపలికొచ్చాడు. పొయ్యి మీద సూప్ ఉంది.

"సూప్ తాగుతారా?" అంది ఆవిడ.

"నో నో, థాంక్యూ, ఐ యామ్ ఫైన్" అన్నాడు అంకుల్.

ఆవిడ చెయ్యి మూత మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. నా వైపు చూసి, మళ్ళీ అంకుల్ వైపు తిరిగి, "సూప్ తాగుతారా?" అంది.

"వెల్... కొంచెం."

"పనిచేస్తోంది" అంది నాతో, గిన్నె తీస్తూ.

అంకుల్ రెండు గిన్నెలు తాగాడు. వెళ్ళేముందు ఇద్దరూ ట్యాక్సుల గురించి చాలాసేపు ఏకాభిప్రాయంగా మాట్లాడుకున్నారు. నాకది అంత నచ్చలేదు.

చదువయ్యేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ తర్వాత హాలిఫాక్స్‌లో ఒక హాస్పిటల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటి నుంచి చూస్తే దేశానికి ఆ చివర. ఉద్యోగం వచ్చిందని చెప్పాక, "నేను వెళతాను ఆంటీ" అన్నాను. ఈసారి మాట మామూలుగానే అన్నాను. నిజానికి ఎవరైనా గట్టిగా పట్టుకుంటే కూచుండిపోయేట్టున్నాను.

ఆవిడ కొట్టంలోకి వెళ్ళి ఆపిల్ పెట్టెలు తెచ్చింది. అలాగే దుమ్ము తుడిచి, అలాగే పేపర్లు పరిచింది. మేపుల్ పాకం సీసాల మధ్య గుడ్డలు దోపి ఒక పెట్టె తనే కట్టింది. నన్ను బస్టాపు దాకా కాదు, రైల్వే స్టేషన్ దాకా తీసుకెళ్ళింది. ఆ రోజు ఇంజను ఆపింది. చాలాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూచుంది. నోరు తెరిచింది. మూసుకుంది.

"ఆకలేస్తే పెట్టెలో శాండ్‌విచ్ ఉంది. తినమంటే వద్దంటావని అడక్కుండానే పెట్టాను" అంది.

రైలు కదిలాక చూస్తే, ప్లాట్‌ఫారం మీద నిలబడి నాకు ఒక వేలు లేపింది.

ఇప్పుడు ఆదివారాలు తమ్ముడి ఫోన్ అయ్యాక నాకు చేస్తుంది. ఎన్నికలొస్తే బోర్డు పెట్టానని ముందే చెబుతుంది, పీకడానికి రానక్కర్లేదంటుంది. నేను నా చిట్టా విప్పుతాను: సూప్, బోర్డు, పెట్టెలు. ఆవిడ అన్నీ వింటుంది. చివర్న ఎప్పుడూ ఒకటే అంటాను, మూడోసారి 'వెళ్ళకు' మీరింకా అనలేదు అని. స్టేషన్ బయట, ఇంజను ఆపి, అనబోయి మానేసింది. ఆ మాట అంటే నేను బండి దిగేదాన్ని కాదని ఆవిడకు తెలుసు. తెలుసు కాబట్టే అనలేదని నాకూ తెలుసు.

తెలిసినా సరే, అనాల్సింది.